తలమీద గంప, కాళ్లకు చెప్పులు

నా చిన్నప్పుడు మా వాడలో చెప్పులకు కాళ్ల కింద కన్నా చంకలోనే ఎక్కువ చోటు. ఊరి నడుమకు పోవాలంటే దొర ఇంటి ముందు నుంచే పోవాలి. ఆ గోడ కనబడగానే మా వాళ్లు చెప్పులు విప్పి చంకన పెట్టుకునేవారు. అప్పటికే దొర పోయి ఏళ్లయింది, ఇంటికి తాళమే. విప్పమనేవాళ్లు లేకపోయినా విప్పే అలవాటు మాత్రం పోలేదు.

ఆ ఎండాకాలం, రాజ్యాంగం రాసిన మహానాయకుడి విగ్రహానికి ఊరి నడుమ గద్దె కట్టాలనుకున్నారు. ఇంటికో గంప ప్రాణహిత ఏటి ఇసుక తేవాలి. మా తాతయ్య నాకు కొత్త చెప్పులు కుట్టిచ్చాడు. వాటితో ఊళ్లో నడవాలని నా ఆశ. "దొర ఇల్లు రాంగనే ఇప్పాలె బిడ్డా" అని మా అవ్వ ముందే చెప్పేసరికి నా మొహం చిన్నబోయింది. తాతయ్య మీసం దువ్వుకున్నాడు.

ఏటి ఒడ్డున తడి ఇసుక గంపలు ఒక్కొక్కరి తలకెత్తుతూ తాతయ్య ఒక షరతు పెట్టాడు. "జర ఇనుర్రి. ఇది పెద్దాయన గద్దె ఇసుక. ఎత్తినంక గద్దె కాడ్నే దించాలె. నడుమ దించితే మళ్ల ఏటికే పోవాలె." నాకూ ఓ చిన్న గంప ఎత్తాడు.

దొర ఇల్లు రాగానే వరుసంతా ఆగిపోయింది. చేతులు రెండూ గంప మీదే. వంగితే ఇసుక ఒలికిపోతుంది.

"ఏందయ్యా గిట్ల జేస్తివి? చెప్పులెట్ల ఇప్పాలె?" అని అవ్వ పరేషాన్ అయింది.

"ఎవలు ఇప్పుమన్నరే? తాళంకప్ప చెప్పిందా?" అన్నాడు తాతయ్య.

పక్కింటి పెద్దమ్మ కిసుక్కుమంది. ఆ నవ్వు వరుసంతా పాకి, ఇసుక మా మెడల మీదికి జారింది. అవ్వ మాత్రం కదల్లేదు. నేను ఆమెను దాటి, కొత్త చెప్పులు టపటపలాడిస్తూ నడిచాను. కాసేపటికి వెనక ఇంకో చప్పుడు. తిరిగి చూద్దామంటే తలమీద గంప. అయినా అది అవ్వదేనని తెలిసింది. తెగిన పట్టె చెప్పు ఈడ్చుకుంటూ నడిచేది ఆమె ఒక్కతే.

గద్దె దగ్గర గంప దించి, అవ్వ తనంతట తానే చెప్పులు విప్పి దండం పెట్టింది. "ఈడ ఇప్పుమని ఎవలు జెప్పిండ్రే?" అని తాతయ్య గెలికాడు.

"నా మనసు జెప్పింది. నీకేంది?" అంది.

ఇప్పుడా గద్దెకు పాలరాయి వేశారు. ఏటి అవతల గడ్చిరోలిలో పంతులమ్మగా ఉన్న నా మనవరాలు ఏటా జయంతికి వచ్చి నన్ను చేయి పట్టి తీసుకుపోతుంది. దొర ఇంటి వీధి రాగానే నా చెప్పుల చప్పుడు కాస్త పెరుగుతుంది. "మెల్లగ నడువు అమ్మమ్మా, మోకాళ్లు నొస్తయ్" అంటుంది. నొస్తాయి, నిజమే. ఆ గోడ దాటేవరకు మాత్రం నేను వినను.