అత్త ముందు అరవం

పక్కింటి పసిబిడ్డకు ఇవాళ పొద్దున వస నాకించారు. వసకొమ్మును ఆముదం దీపం మీద కాల్చి, సానరాయి మీద తల్లిపాలతో అరగదీసి, నాలిక మీద ఇంత రాశారు, మాటలు తొందరగా రావాలని. ఆ కమురు వాసన గోడ దాటి నా వంటింట్లోకి వచ్చిందో లేదో, చేతిలో ఉన్న చెంబును ఠపీమని గట్టు మీద పెట్టాను. ఎప్పుడో పోయిన మనిషి మీద కోపం ఇంత తాజాగా ఎలా ఉంటుందో నాకే తెలియదు.

ఆ మనిషి మా అత్త. నేను కంచిలో నేతపనివాళ్ల ఇంట పుట్టినదాన్ని. పట్టు పని మీద మా వీధికి వచ్చిన ధర్మవరం కుర్రాడొకడు మా గుమ్మంలో నీళ్లడిగాడు. తర్వాత దాహం లేకపోయినా నాలుగుసార్లు అడిగాడు. చివరికి నన్నే తీసుకొచ్చేశాడు. ఇక్కడ బస్సు దిగేసరికి నాకు వచ్చిన తెలుగు మాటలు రెండే, అవును, వద్దు. అత్తకు రెండోది నచ్చలేదు. నాకో పేరుందని మరిచిపోయి ‘అరవమ్మ’ అనేది. ఇన్నేళ్లలో తెలుగు నాదైపోయింది. ఇదిగో, రాసేదీ తెలుగులోనే. తిట్లు మాత్రం ఇప్పటికీ పుట్టింటి భాషలోనే వస్తాయి.

కొడుకు పుట్టాడు. మూడేళ్లు నిండినా మాట రాలేదు. నేను తమిళంలో జోకొట్టేదాన్ని, మిగతా ఇల్లంతా తెలుగు. అత్త వస నాకించింది, మొక్కుకుంది, చివరికి కారణం కనిపెట్టింది. ఒక పొద్దున ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లందరి ముందూ తీర్పు చెప్పేసింది. “వాడి నాలిక కట్టేసింది నువ్వేమే. ఈ పొద్దు నుంచి నీ అరవం మా ఇంట్లో ఇనపడగూడదు.” మా ఆయన లోపల మగ్గం గుంటలో కూర్చుని తెగిన పోగులు అతుకుతున్నాడు. అతుకుతూనే ఉన్నాడు మహానుభావుడు, తలెత్తలేదు. నాకూ భయం వేసింది, బిడ్డ నిజంగానే మూగవాడైపోతే? నోరు మూసుకున్నాను. జోలపాట కూడా మింగేశాను. నాలుగు నెలలకు వాడు గడగడా మాట్లాడేశాడు. కొందరు పిల్లలు అంతేనమ్మా, ఆలస్యంగా మొదలుపెడతారు, నీ భాషకూ దానికీ సంబంధం లేదని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. అప్పటికే అత్త తానే గెలిచానని వీధంతా బొరుగులూ బెల్లమూ పంచేసింది.

ఆ ఏడే మా అమ్మ సంచి నిండా మురుకులు పట్టుకుని మనవణ్ని చూడడానికి వచ్చింది. దగ్గరికి తీసుకోబోతే వాడు మా అత్త కొంగు వెనక దాక్కుని, “ఈయమ్మ ఏం మాట్లాడతాందో” అని ఏడ్చాడు. అమ్మ ముందు గదిలో చాప మీద కూర్చుని ఒక్కొక్కరి నోటి వంకా చూసేది. అందరూ నవ్వితే తనూ నవ్వేది, కాస్త ఆలస్యంగా. పది రోజులుంటానని వచ్చింది, మూడో రోజే బస్సెక్కింది. మరుసటి ఏడు పోయింది. అమ్మమ్మా మనవడూ ఒక్క మాట మాట్లాడుకోలేదు, ఒక్కటంటే ఒక్కటి. అత్తను ఏనాటికీ వదలనని అప్పుడే అనుకున్నాను.

కూతురు పుట్టగానే మొదలుపెట్టాను. దానితో తమిళం తప్ప మాట్లాడలేదు. అత్త నోరు తెరవబోతే, ఇది మూగదైతే నా ఖర్మ, మీరు జోక్యం చేసుకోకండి అని మొహం మీదే చెప్పాను. అది ఏడాది నిండకముందే రెండు భాషలూ మొదలెట్టింది. ఇక చూడండి నా వైభోగం! అన్నాల దగ్గర అత్తను మధ్యలో కూర్చోబెట్టి నేనూ కూతురూ తమిళం. ఆమె గురక మగ్గం చప్పుడును మించిపోయిందని, ఆమె నూరిన ఊరిబిండి పచ్చడి గోడకు కొడితే ఊడిరాదని. పిల్ల కిలకిలా నవ్వేది. అత్త మా ఇద్దరి నోళ్ల వంకా మార్చి మార్చి చూసేది. ఆ చూపు నాకు తెలుసు. మా అమ్మ చూపు అది. దాన్ని అత్త మొహంలో చూసినప్పుడల్లా నాకు అన్నం రుచిగా ఉండేది. ఒక రోజు, ఈ ముసలిది మా అమ్మకంటే ముందే పోయుంటే ఎంత బాగుండేదో అని కూడా అన్నాను, ఎనిమిదేళ్ల పిల్లతో. తప్పని తెలుసు. అయినా అన్నాను.

అత్త మంచాన పడింది. పద్నాలుగేళ్లుగా నేను సాధిస్తున్నా ఆమె నోట చెంచా పెట్టించుకునేది నా చేతే. ఒక మధ్యాహ్నం రాగిజావ తాగిస్తుంటే, నా మొహంలోకి చూస్తూ, పాప నాకు అన్నీ చెప్తాండేది అంది. ఏవి అన్నాను.

“నా గురక, నా ఊరిబిండి. మీయమ్మకంటే ముందు నేను పోయింటే బాగుండేదన్నావు సూడు, అది గూడా.”

చెంచా గిన్నెలో పెట్టేశాను. తెలిసీ ఎందుకు అడగలేదన్నాను.

“అడిగితే నువ్వు మాట్లాడేది నిలిపేస్తావు. పాపకు ఆ బాస పోతాది. ఒక బిడ్డకు పోగొట్టినాను, సాలు.”

మంచి కోడలైతే ఆ చేతులు పట్టుకుని ఏడ్చేది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ నేను కొడుతున్నాననుకున్నాను. ఆమె కొట్టించుకోవడానికి కూర్చుంది. నా పగ కూడా ఆమె దయ మీదే నడిచిందన్నమాట! తప్పు ఒప్పుకునేదేదో మా అమ్మ చాప మీద కూర్చున్న రోజు ఒప్పుకుని ఉంటే సరిపోయేదిగా. మూతి తుడిచి, మిగిలిన జావ తాగించాను. నెల తిరక్కుండా వెళ్లిపోయింది.

మా వాడికి అవ్వంటే ఇప్పటికీ ప్రాణం. మా అమ్మ వాడికి ఫొటోలో ఎవరో. కూతురు మాత్రం, ఇంకా ఎందుకమ్మా, వదిలెయ్యరాదా అంటుంది, తేటైన తమిళంలో. ఆ తమిళం నిలబెట్టింది ఎవరో గుర్తొచ్చి నాకు మళ్లీ మండుతుంది. ఏళ్లు గడిస్తే కోపం ముసలిదవుతుందనుకున్నాను. అయింది నేనే.