అప్పన్న మావ కిడ్నీలో రాయి

కోవిడ్ సద్దుమణిగిన ఏడాది పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో లిథోట్రిప్సీ టెక్నీషియన్‌గా చేరాను. నిరుడు ముందస్తుగా పదవీ విరమణ చేసే దాకా అక్కడే పనిచేశాను. కోత లేకుండా, బయటి నుంచి పంపే షాక్ తరంగాలతో కిడ్నీలోని రాయిని పొడి చేసే యంత్రం మాది. ఎంత గట్టిగా కొట్టాలో డాక్టరుగారు చెబుతారు, గురి చూసి బటన్ నేను నొక్కుతాను. కబుర్లతో రోగిని కదలకుండా పడుకోబెట్టడం మాత్రం నాకు నేను ఇచ్చుకున్న ప్రమోషన్.

ఊళ్ళోనే డిగ్నాబాద్ పేటలో ఉండే అప్పన్న మావ దగ్గర ఆ ప్రమోషన్ ఊడింది. మావ డింగీ పడవ నడిపేవాడు. భార్య నూకాలత్తకు చూపు బాగా తగ్గింది. రాయి ఇక్కడ పగలకపోతే ఆపరేషన్‌కి చెన్నై ఓడ ఎక్కాలి. అత్తను ఒంటరిగా వదలలేక ఆయన అప్పటికే ఒకసారి ప్రయాణం మానుకున్నాడు.

ఊపిరితో పాటు కిడ్నీ పైకీ కిందికీ జరుగుతుంది. చిన్నగా, ఒకే తీరున ఊపిరి తీస్తేనే రాయి గురిలో నిలుస్తుంది. మావేమో భయంతో బిగపట్టి ఒక్కసారిగా వదిలేవాడు. ఇక నా ఆయుధం తీశాను. హేవ్‌లాక్ దీవి జెట్టీలో ఒక మొసలి ఫెర్రీ ఎక్కి, తడిసిన టికెట్ చూపించిందని చెప్పాను.

"అరే భయ్యా, సీటిచ్చారేటి దానికి?" అంటూ మావ పొట్ట ఊగేలా నవ్వాడు. దెబ్బ పక్కకు పోయింది.

డాక్టరుగారు యంత్రం ఆపించారు. "ముందు ఆ మొసలిని దింపవయ్యా. మళ్ళీ గురి తప్పితే ఇక చెన్నైకి రాసేస్తాను."

తలుపవతల నుంచి అత్త గొంతు వినిపించింది. "నవ్విస్తే ఆగడు బాబూ. నాను మాటాడితే ఊఁ కొడతాడు. పెళ్ళైనకాడ్నించీ అదే కదేటి పని!"

డాక్టరుగారు సరేనన్నారు. ఎక్స్‌రే సోకకుండా అత్తకు సీసపు ఏప్రన్ తొడిగి మావ తల దగ్గర కూర్చోబెట్టాను.

"కొబ్బరిసెట్టు కాడ కుక్క మళ్ళీ ఈనింది."

"ఊఁ."

"పక్కింటి దీదీ కూరలో ఉప్పు మరిసిపోనాది."

"ఊఁ."

ఊఁ కొట్టే ధ్యాసలో మావ ఊపిరి ఒకే తీరుకి వచ్చింది. తెరమీద రాయి కుదురుగా నిలిచింది. నేను కొడుతూ పోయాను.

"నువ్వు ఓడెక్కిపోతే నాకు సూదిలో దారం ఎవులెక్కిస్తారు?"

ఆ ఊఁ కాస్త ఆలస్యమైంది. అది వచ్చేదాకా బటన్ మీంచి వేలు తీసి ఆగాను.

తర్వాతి స్కాన్‌లో రాయి లేదు. ఇసుకలా మూత్రంలో పడిపోయింది. మావ ఓడ ఎక్కలేదు.

అప్పటి నుంచి ప్రతి రోగినీ బల్ల ఎక్కించే ముందు, వాడే మందులతో పాటు ఇంకో సంగతి కూడా అడిగేవాణ్ణి: ఇంట్లో మీరు ఎవరి మాటకి ఊఁ కొడతారు? ఆ మనిషి వచ్చి ఉంటే లోపల కూర్చోబెట్టేవాణ్ణి. మొసలి సంగతి పని ముగిశాకే చెప్పేవాణ్ణి. అది మాత్రం నా కళ్ళతో చూసిందే.