నిమ్మకాయల ముందు కచేరీ

ఇవాళ పొద్దున నరసరావుపేటలో ఒక బట్టల కొట్టు ప్రారంభించారు. మా కోటేశు ట్రంపెట్ వాయించాడు. పెళ్లి ఊరేగింపుల్లో ఊదే బూర అనుకునేరు, వాడు దాని మీద కర్ణాటక కీర్తనలు వాయిస్తాడు. ఏ బ్యాండులోనూ లేడు. పిలిస్తే వెళ్తాడు, పిలవని రోజుల్లో ఇంట్లో పిల్లలకు నేర్పుతాడు. నాకా, రేడియో నేర్పినంత సంగీతమే వచ్చు, అయినా పక్కన కూర్చుని తల ఊపుతుంటాను. కొట్టు యజమాని శెట్టిగారు, ఇవాళ విని నచ్చితే కూతురి పెళ్లి కచేరీ కూడా వాడికే ఇస్తానన్నారు.

వాడు రాగం ఎత్తుకున్నాడో లేదో, ఎదురుగా సోడాబండి ఆవిడ నిమ్మకాయలు కోయడం మొదలుపెట్టింది. అవి చూస్తే నోట్లో నీళ్లూరతాయి. నీళ్లూరితే ట్రంపెట్‌లో స్వరం పలకదు, గరగర పలుకుతుంది. కోటేశు నాకేసి దీనంగా చూశాడు. నేను లేచి బండి దగ్గరకు వెళ్లాను.

“అమ్మాయ్, బండి కాస్త పక్కకి తీస్తావా? మావాడికి నోరూరుతోంది.”

“ఊరితే వచ్చి సోడా తాగమను బాబాయ్! ఇప్పుడే బేరం మొదలైంది, యాడికి తీసేది?”

తిరిగొచ్చేసరికి వాడు కళ్లు గట్టిగా మూసుకుని వాయిస్తున్నాడు. మంగళం దాకా తెరవలేదు. శెట్టిగారు చేతులు జోడించారు.

“ఏం భక్తండీ! లోకమే మర్చిపోయాడు. పెళ్లికి ఈయనే.”

నిజం చెప్పబోయి ఊరుకున్నాను. శెట్టిగారికి ఫోన్‌లో ఇలాంటివి చదివే అలవాటు లేదన్న ధైర్యంతో ఇక్కడ రాస్తున్నాను. మీరైతే అక్కడే చెప్పేసేవారా?