‘ఎవరికి ఎంత?’ అని అడిగే మా టైపు మేడం

మా టైపు మేడం పోయారని మొన్న గురువారం ఆమె తమ్ముడు ఫోన్ చేసి చెప్పారు. అప్పుడు నేను నెల్లూరులో, నేను కంప్యూటర్ల పని చూసే ఆఫీసులో, ఒకరి కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాను. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతే ‘యాక్సెస్ డినైడ్’ అని తెర మీద వచ్చింది. ఆ పని పూర్తి చేశాకే లేచి బయటికి వచ్చాను. సగంలో వదిలి వచ్చానంటే ఆమె ఒప్పుకునేవారు కాదు.

విడవలూరులో ఒక ఎరువుల కొట్టు పైన ఆమె ఇన్‌స్టిట్యూట్ ఉండేది. మొదట్లో అక్కడ టైపు మిషన్లు ఉండేవట. నేను చేరేనాటికి వాటి చోట నాలుగు కంప్యూటర్లు వచ్చాయి గానీ ఆమె మాత్రం అందరికీ టైపు మేడమే. వరి పండించే ఇంటి మనిషి, చేపల వాసన పడేది కాదు. నేను సముద్రం ఒడ్డు పాలెం నుంచి, చేపలమ్మే అమ్మతో పాటు ఆటోలో వచ్చేదాన్ని. “మళ్లీ మీ అమ్మ తట్ట పక్కనే కూచున్నావా మ్మే?” అంటూ కిటికీ తెరిచేవారు. తెరిచి, తన పక్క కుర్చీలోనే కూర్చోబెట్టుకునేవారు.

మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటి మనిషిని నేను. తెర మీద చిన్న ఎర్ర గుర్తు వచ్చినా ఏదో పాడు చేశానని చేతులు వెనక్కి లాక్కునేదాన్ని. మేడం లేచి వచ్చేవారు కాదు. “పైకి చదువు. మొత్తం చదువు” అనేవారు. నేను సగం చదివి ఆగిపోతే నవ్వేవారు. “అది నిన్ను తిట్టడం లేదు. ఏం కావాల్నో చెప్తా ఉంది. నువ్వే ఇనకుండా మూసేస్తా ఉండావు.”

ఈ రోజుకీ నేను ఎర్రర్ మెసేజ్‌ని పైకి చదువుతాను. ఆఫీసులో కొందరు నవ్వుతారు.

మీకు ఒక సంగతి చెప్పాలి. అది నా తప్పు గురించి.

గుమస్తా ఉద్యోగాల పరీక్షకు నాలుగు రోజులుంది. నాతో పాటు నేర్చుకునే ఆరుగురు అమ్మాయిలు రాస్తున్నారు. ప్రాక్టీసు సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. మేడం ఆ రోజు ఆస్పత్రికి పోవలసి వచ్చి, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి నా చేతిలో పెట్టారు. “నువ్వు చూసుకో” అన్నారు, అంతే. నన్ను నమ్మి ఎవరైనా ఒక తాళం ఇవ్వడం అదే మొదలు.

సాఫ్ట్‌వేర్ ఎక్కింది. కానీ అమ్మాయిలు తమ లాగిన్‌తో తెరిస్తే మార్కులు సేవ్ కావడం లేదు. ఆ ఫోల్డర్‌లో రాసే పర్మిషన్ లేదని మెసేజ్. ఆరుగురూ నా వెనక నిలబడ్డారు. “అయిందా అక్కా?” “ఇంకా ఎంతసేపక్కా?” చదవకుండానే మెసేజ్ మూసేశాను. ఆ ఒక్క ఫోల్డర్‌కు ఇవ్వవలసిన పర్మిషన్‌ను, అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉన్న డ్రైవ్ మొత్తానికి ఇచ్చాను. పేరు దగ్గర ‘ఎవ్రీవన్’, దాని కింద ‘ఫుల్ కంట్రోల్’. అంటే ఎవరైనా ఏదైనా రాయవచ్చు, తీసేయవచ్చు. అంతా పనిచేసింది. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. మా పాలెంలో తలుపులకు గడియ పెట్టే అలవాటు లేదు. అందరికీ ఇచ్చేస్తే గొడవ ఉండదనుకున్నాను.

మర్నాడు వాళ్లలో ఒకమ్మాయి, చోటు చాలడం లేదని, తనకు అక్కరలేనివనుకున్న ఫోల్డర్లు తీసేసింది. వాటిలో మేడం పాఠాలు ఉన్నాయి. టైపు నేర్చుకునే వాళ్లకోసం ఏళ్ల తరబడి ఆమె సొంతంగా రాసుకున్నవి. కాలవకు నీళ్లు వదిలిన పొద్దు, వానలో ఆగిపోయిన ఆటో, మైపాడు బస్సులో తప్పిపోయిన గొడుగు. వేరే చోట కాపీ లేదు.

మేడం వచ్చేదాకా నేను మెట్ల మీద కూర్చున్నాను. అప్పటికే అమ్మ రొయ్యల షెడ్డులో నా పేరు చెప్పి ఉంచింది. మేడం పొమ్మంటే మర్నాటి నుంచి అక్కడ రొయ్యల తలలు తీయడమే. మళ్లీ ఏ కంప్యూటర్ ముందూ కూర్చునే ధైర్యం నాకు ఉండేది కాదు.

ఆమె వచ్చారు, అంతా విన్నారు. తరవాత అడిగారు.

“మీ పాలెంలో అందరూ ఒడ్డున నిలబడి అలివి వల లాగుతారు కదా. చేప ఎవరికిస్తారు?”

“తాడు పట్టినోళ్లకు మేడం. ఒక చెయ్యేసినా కూరకు ఇస్తారు.”

“గట్టున నిలబడి చూసేవాళ్లకో?”

“చూసిపోతారు.”

“తాడు పట్టినా కదా అని ఎవరన్నా వల కోస్తే?”

“ఊరుకోరు మేడం.”

“మరి నువ్వు గట్టు మీదోళ్ల చేతికి కూడా కత్తి ఇచ్చేసినావే. ఎవరికి ఎంత అని ముందు అడుగు మ్మే. చూసేవాళ్లకు చూపు. రాసేవాళ్లకు రాత. అదీ ఆ ఒక్క ఫోల్డర్‌లోనే.”

నేను పాస్‌వర్డ్ కాగితం టేబుల్ మీద పెట్టాను. ఆమె దాన్ని నా వైపే తోశారు. “అది నీ దగ్గరే ఉండనీ. రేపు పెందలాడే రా. నేను చెప్తా, నువ్వు కొట్టు.”

పరీక్ష అయిన తరవాత కూడా చాలా వారాలు ఆమె గుర్తున్నంత మేరకు పాఠాలు చెప్పుకుంటూ పోయారు, నేను టైపు చేసుకుంటూ పోయాను. నా వేగం పెరిగింది అక్కడే. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం నాకు వచ్చింది ఆ వేళ్లతోనే. ఇన్నేళ్లలో ఆమె ఆ డిలీట్ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఎత్తి ఒక్కసారైనా తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది. తిట్టయినా, ఆమె గొంతులో ఇంకొక మాట మిగిలేది.

ఆదివారం విడవలూరు వెళ్లాను. ఇన్‌స్టిట్యూట్‌ను ఆమె దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి నడుపుతుందట. పాఠాల ఫోల్డర్ మేడం లాగిన్‌లో తప్ప తెరుచుకోవడం లేదు. “అన్నీ నీ పేరుకు మార్చేసుకో మ్మా” అన్నారు మేడం తమ్ముడు. మార్చవచ్చు. రెండు క్లిక్కుల పని. ఓనర్ అన్న చోట ఆమె పేరు కనబడింది. నేను దాని జోలికి పోలేదు. అడ్మినిస్ట్రేటర్‌గా లోపలికి వెళ్లి, నేర్చుకునే అమ్మాయిల పేర్లు చేర్చి, చదవడానికి మాత్రం పర్మిషన్ ఇచ్చాను.

నలుగురు అమ్మాయిలు నాలుగు కంప్యూటర్ల ముందు కూర్చుని గొడుగు పాఠం తెరిచారు. ఆమె చెబుతుంటే కంగారులో నేను వినబడిందల్లా కొట్టేసిన రోజుల్లోది అది. మధ్యలో ఒక వాక్యం పాఠానికి సంబంధించింది కాదు. ఆమె చూసి కూడా తీయకుండా ఉంచేశారు. అమ్మాయిలకు ఆ సంగతి తెలియదు. తలలు వంచుకుని, ఒకరి తరవాత ఒకరు, అక్షరం తప్పకుండా దాన్ని కూడా కొట్టుకుంటూ పోయారు. ఒక్కో తెర మీదా ఆ మాటలు మెల్లగా పడ్డాయి.

“ఆగు మ్మే, నీళ్లు తాగి చెప్తా.”