కుడివైపు మరలు

మెకానికల్ ఇంజినీరింగ్ నాలుగేళ్లు చదివి, మరల గురించి పరీక్షలో పేజీలు పేజీలు రాసి, ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు కంప్యూటర్ ముందు కూర్చున్నవాడి చేతికి స్పానర్ ఇవ్వకూడదు. ఇచ్చినా, దానికి తొడగడానికి ఇనప గొట్టం మాత్రం అస్సలు ఇవ్వకూడదు. ఆ శనివారం మధ్యాహ్నం నా దగ్గర రెండూ ఉన్నాయి.

కొన్నాళ్లుగా సైకిలు తొక్కుతుంటే కాళ్ల కింద టిక్కు టిక్కుమని చప్పుడు వస్తోంది. పెడళ్లు రెండింటినీ కలిపే ఇరుసు, ఫ్రేము అడుగున ఒక పొట్టి గొట్టంలో తిరుగుతుంది. ఆ గొట్టానికి రెండు చివర్లా లోపల స్క్రూకు ఉన్నట్టు మరలుంటాయి, వాటిలోకి చెరో కప్పు బిగిస్తారు. ఎడమవైపు మామూలు మర. కుడివైపు ఉల్టా మర, అంటే మనం విప్పే దిక్కుకు తిప్పితే అది బిగుసుకుంటుంది. తొక్కగా తొక్కగా కప్పు వదులైపోకుండా అలా పెట్టారు. ఇదంతా నాకు తెలుసు, కారణాలతో సహా తెలుసు.

తెలిసే, కొత్త కప్పుల జత తెప్పించి, పాతవి విప్పేసి, బాల్కనీలో సైకిలును తలకిందులుగా నిలబెట్టి, వెనక చక్రం దగ్గర కూర్చున్నాను. ఎడమ అని గుర్తున్న కప్పును తీసుకుని నా ఎడమచేతి వైపు పెట్టాను. సైకిలు తలకిందులైతే నా ఎడమ దానికి కుడి అవుతుందన్న చిన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. కప్పు పట్టలేదు. నొక్కి పట్టి తిప్పాను, కొంచెం పట్టింది. కొత్తది కదా, బిగువుగా ఉంటుందిలే అనుకుని స్పానర్‌కు గొట్టం తొడిగి దాని మీద వేలాడాను. ఉక్కు కప్పు, అల్యూమినియం ఫ్రేము. కొంత తిరిగి ఆగిపోయింది. బలవంతాన వెనక్కి తీస్తే సన్నటి తళతళలాడే తీగముక్కలు నేల మీద రాలాయి. అవి నా సైకిలు మరలు.

పోతే పోయింది, ఇంకోటి కొనుక్కోవచ్చు కదా అనవచ్చు. చూశాను. నా ఎత్తుకు సరిపడేది రావడానికి పది రోజులన్నారు. నాకు మిగిలింది ఒక్క ఆదివారం. సోమవారం నుంచి వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు రావాల్సిందేనని మెయిల్ వచ్చి ఉంది. రాకపోతే ఏమవుతుందో అందులో రాయలేదు. అంతకు ముందు నెలలోనే మా వరసలో రెండు కుర్చీలు ఖాళీ అయ్యాయి కనుక ఎవరికీ రాసి చెప్పనక్కర్లేదు.

చందానగర్ నుంచి నానక్‌రామ్‌గూడకు నేను సైకిలు మీద తప్ప వెళ్లలేను. వెళ్లను కాదు, వెళ్లలేను. రెండేళ్ల కిందట ఒక వానాకాలం సాయంత్రం మా ఆఫీసు క్యాబు ఫ్లైఓవర్ కింద నీళ్లలో చిక్కుకుంది. వెనక సీట్లో ముగ్గురం, మధ్యన నేను. అద్దాలు ఎత్తేసి ఉన్నాయి, వెనక తలుపులు లోపలి నుంచి తెరుచుకోవు. ఉన్నట్టుండి నాకు గాలి చాలడం లేదనిపించింది. గుండె చెవుల్లో కొట్టుకుంది. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. అటూ ఇటూ కూర్చున్నవాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. అలా గంటన్నర కూర్చున్నాను, నోరు మాత్రం తెరవలేదు.

ఆ రోజు నుంచి కారంటే భయం, బస్సంటే భయం, లిఫ్టంటే భయం. స్కూటరు మీద వెళ్లొచ్చుగా అంటే, అదీ ప్రయత్నించాను. ముందొక బస్సు, వెనకొక లారీ, పక్కన డివైడరు, మధ్యలో స్కూటరును వదిలేసి ఎక్కడికి పోతాం? నాకు కావలసింది తలుపు కాదు, దిగాలనుకున్న చోట దిగిపోగలగడం. సైకిలైతే భుజానికెత్తుకుని ఫుట్‌పాత్ ఎక్కేయొచ్చు. అందుకని పన్నెండు కిలోమీటర్లు తొక్కుకుంటూ వెళ్లి, పదకొండు అంతస్తులు మెట్లెక్కేవాణ్ని. ఆఫీసులో నన్ను ఆరోగ్యానికి ఆదర్శమని మెచ్చుకుని, సైకిలుతో ఫొటో తీసి క్యాంటీన్ దగ్గర అంటించారు. "ఇంకేం, రేపు మీ విగ్రహం పెడతారేమో, దండలు నన్నే కట్టమంటారా?" అని మా ఆవిడ ఆటపట్టించేది. ఆమెకు కూడా అసలు సంగతి చెప్పలేదు. నలభై దాటిన మగవాడికి కారెక్కాలంటే భయమని పెళ్లాంతో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

ఆదివారం పొద్దున్నే పెద్ద సైకిళ్ల షాపుకు మోసుకెళితే, ఏసీ గదిలోని కుర్రాడు టార్చి వేసి చూసి, "ఫ్రేమ్ మార్చడమే సార్" అన్నాడు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చెప్పగా, మార్కెట్ వెనక రేకుల షెడ్డులో పనిచేసే ముసలి మెకానిక్ దగ్గరికి వెళ్లాను.

ఆయన టార్చి వేయలేదు. గొట్టంలోకి చూపుడువేలు పెట్టి, కళ్లు మూసుకుని నెమ్మదిగా చుట్టూ తడిమాడు.

"ఎవడు జేసిండు సారూ గిది?"

"షాపులో చేశారండీ" అన్నాను.

"వాన్కి చేతులా, డెక్కలా? గసుంటోన్ని సైకిల్ కాడికి రానియ్యద్దు. బర్లు కాయనీకి తోలాలె. ఏం సదివిండో ఏందో!"

నాలుగేళ్లు చదివాడు, ఫస్ట్ క్లాసు కూడా, అని చెప్పాలనిపించింది. తల ఊపాను. ఆయన ఫ్రేమును గోడకు ఆనించి అడిగాడు. "ఏ కప్పు పెట్టిండు? ఎన్ని సుట్లు తిప్పిండు? సుత్తెతోని గిట్ల గొట్టిండా?"

"నాకు తెలియదు."

"ఫోన్ జేసి అడుగు."

"ఇవాళ వాళ్లకు సెలవండీ."

"అయితే రేపు అడిగి రా" అని ఆయన ఇంకో సైకిలు ట్యూబు చేతిలోకి తీసుకున్నాడు.

బతిమాలాను, ఎంతయినా ఇస్తానన్నాను. ఆయన ట్యూబు మీద నుంచి కళ్లు కూడా ఎత్తలేదు. "దవాఖానకు పోయి డాక్టర్‌కు ఉన్నది జెప్పకుంటె మందెట్ల ఇస్తడు? రెండు సుట్లు పోయినాదంటె లోపట చూడీలు మిగిలినయి, నేను సక్కజేస్త. నాలుగు సుట్లు పోయినాదంటె ఏం లేదు. సుత్తెతోని కొడితె గొట్టమే గుండ్రం తప్పుతది. తెల్వకుంట ఉక్కు కప్పు వెడితె ఉన్నయి గూడ నా చేతులనే పోతయి. ఎట్ల ఖరాబయిందో తెల్వకుంట నేను ముట్ట."

చూడీలంటే మరలు. ఎట్లా పాడయిందో పూర్తిగా చెప్పిస్తే తప్ప ముట్టుకోకపోవడం ఆయన పద్ధతి. నాకు ఒళ్లు మండింది, ఆయన మీద కాదు.

"నేనే చేశానండీ."

నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. ట్యూబు పక్కన పెట్టాడు. "ఎడమది తెచ్చి కుడికి పెట్టినవా?"

"అవును."

"స్పానర్‌కు పైపు దొడిగినవా?"

"తొడిగాను."

"సుత్తె?"

"లేదు."

"ఎన్ని సుట్లు?"

"రెండు."

"మంచిగ యాది జేస్కో."

"రెండున్నర."

"ఇగ జెప్పినవ్" అని లేచాడు.

ఆయన దగ్గర మరలు కోసే ఖరీదైన పనిముట్లు లేవు. డబ్బాలో వెతికి, కుడివైపుకు పెట్టే పాత ఉక్కు కప్పు ఒకటి తీశాడు. దాన్ని బల్ల మీది వైస్ దవడల మధ్య పట్టించి, మరలకు అడ్డంగా నాలుగు చోట్ల రంపపు బ్లేడుతో గాడి కోశాడు. మూడు మూలల ఆకురాయితో ఆ గాళ్ల అంచులను, పాడైన మరలను మళ్లీ కోసేంత వాడిగా రుద్దాడు. ఎడమవైపు మంచి కప్పు ఒకటి బిగించి, రెండింటి మధ్యలోంచి పొడుగాటి మరల కడ్డీ దూర్చి నట్లు పెట్టాడు. అలాగైతే కోసే కప్పు వంకరపోదు. ఆ తర్వాత కిరసనాయిలు చుక్కలు వేసి, ఉల్టా దిక్కుకు అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు తిప్పడం మొదలుపెట్టాడు. ప్రతిసారీ గుడ్డతో రజను తుడిచి, వేలితో తడిమి, మళ్లీ అర చుట్టు. ఆ కప్పు ఒక్కసారి జారితే నా రేపటి దినం దానితోనే పోతుంది.

"రేపే గావాలె, రేపే గావాలె అంటున్నవ్. ఏమున్నది రేపు?" అన్నాడు తిప్పుతూనే.

చెప్పేశాను. క్యాబు, వాన, ఫ్లైఓవర్, మెట్లు, క్యాంటీన్ దగ్గర ఫొటో, అన్నీ. ఒక అబద్ధం పోయాక రెండోదాన్ని పట్టుకుని వేలాడే ఓపిక లేకపోయింది. రెండేళ్లలో మొదటిసారి ఆ మాటలు నా చెవులతో నేను విన్నాను. సిగ్గేసింది.

"ఇంట్ల తెలుసా?"

"తెలియదు."

ఆయన నా మొహంలోకి చూసి, "జర ఈ రాడ్ పట్టు, కదలనియ్యకు" అన్నాడు. పట్టుకున్నాను.

సాయంత్రానికి కొత్త కప్పు లోపలికి వెళ్లింది. మొదటి మూడు మరలు కొంచెం వదులుగానే ఉన్నాయి, లోపలివి పట్టాయి. ఆ వదులు నిండేందుకు లోహాలు అతికే రెండు చిన్న ట్యూబుల గమ్ము కలిపి పూసి, ఇరుసు, పెడళ్లు పెట్టి బిగించాడు. హమ్మయ్య అనుకుంటూ సైకిలు తీసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"బుధారం దాక తొక్కకు. గమ్ము ఆరాలె."

"రేపు పొద్దున..."

"రేపు తొక్కితె లోపటియి గూడ పోతయి, అటెంక నేను గూడ ఏం జెయ్య. తొందరపడే గదా ఇంత జేస్కున్నవ్."

బయటికి వచ్చి మార్కెట్ మలుపు తిరిగాక, ఆయనకు కనబడని చోట సైకిలెక్కాను. కుడికాలు పెడల్ మీద పెట్టాను. బుధవారం దాకా అంటే రెండు రోజులు. తొక్కితే ఫ్రేము పోతుంది, తొక్కకపోతే క్యాబు. ఉద్యోగం, క్యాబు, సైకిలు, మూడు వైపులా దారి మూసుకుపోయింది, నేను రోడ్డు మధ్య ఒంటికాలు మీద నిలబడి ఉన్నాను. వెనక ఆటోవాడు హారన్ కొట్టి తిట్టాడు. దిగి, సైకిలు భుజానికెత్తుకుని ఇంటికి నడిచాను.

మా ఆవిడ సోమవారానికి బట్టలు ఇస్త్రీ చేస్తోంది. నిలబడే చెప్పాను, కూర్చుంటే మళ్లీ ఏదో ఒక కథ చెబుతానని భయమేసింది. ఆమె ఇస్త్రీ పెట్టె నిలబెట్టి అంతా వింది. తర్వాత వేళ్లు మడుస్తూ మొదలుపెట్టింది.

"అయితే మా తమ్ముడి గృహప్రవేశానికి రానిది ఇందుకా?"

"అవును."

"పిన్ని కూతురి పెళ్లికీ? కాకినాడ కారులో వెళదామంటే ఆఫీసు పని అన్నారు?"

"అవును."

"ఆస్పత్రికి నన్ను ఒక్కదాన్నే పంపారు చూడండి, ఆ రోజూ?"

నేను తల మాత్రం ఊపాను. ఆమె పెదవులు బిగించి కిటికీ వైపు తిరిగింది. "మీకు నాతో బయటికి రావడం ఇష్టం లేదనుకున్నానండీ" అంది. "రెండేళ్లుగా అదే అనుకుంటున్నాను. మా అమ్మతో కూడా అదే చెప్పాను."

రెండేళ్లు నా గాలి గురించే చూసుకున్నాను. ఈ గదిలోనే ఇంకొకరు నోరు తెరవకుండా కూర్చున్నారని ఒక్కసారీ అనుకోలేదు. క్షమించమని అడిగాను. ఆమె నా చొక్కా మడత పెట్టి చేతికిచ్చింది.

సోమవారం పొద్దున ఆమె నాతో పాటు సిటీ బస్సెక్కింది. ఆమె ఆఫీసు మియాపూర్‌లో, పూర్తిగా ఎదురు దిక్కు. తలుపు పక్క సీటు నాకిచ్చింది. లింగంపల్లి దాటాక నాకు గాలి చాలక ఒకసారి దిగాం. యూనివర్సిటీ గోడ దగ్గర ఇంకోసారి. గచ్చిబౌలిలో మూడోసారి దిగేటప్పటికి నా చొక్కా తడిసిపోయింది, ఆమెకు ఆఫీసు వేళ మించిపోయింది. మూడు బస్సులు వచ్చి వెళ్లాయి. ఎక్కుదామా అని ఆమె అడగలేదు. నేను ఎక్కుదాం అనేదాకా, బ్యాగు భుజానికి తగిలించుకుని, ఎండలో నా పక్కనే నిలబడింది.