ఐసు నీళ్ళలో నా పిడికిలి

పదేళ్ళు దాటింది. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను, మీరెవరో నాకు తెలియదు కాబట్టి, నేనెవరో మీకు తెలియదు కాబట్టి. ఈ బరువు మోస్తూనే పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని ఎత్తుకున్నాను, దుకాణం పెద్దది చేశాను. బయటి నుంచి చూస్తే నాకు ఏ లోటూ లేదు. కానీ ఎక్కడైనా ఫ్రిజ్ పక్కన నిలబడ్డప్పుడు అది ‘టిక్’మని ఆగిందంటే చాలు, నా కుడిచేయి దానంతటదే పిడికిలిగా బిగుసుకుంటుంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పెయ్యాలి, లేకపోతే ఇదంతా నటన అవుతుంది. ఆ రోజు తలుచుకుంటే నాకు ఏడుపు రాదు. హుషారు వస్తుంది! నిజం. ఇప్పుడు రాస్తుంటే కూడా వస్తోంది. అంత గొప్ప రోజు నా బతుకులో మళ్ళీ రాలేదు. చేసిన తప్పు తలుచుకుని సంబరపడేవాణ్ణి ఏమనాలి? నాకు తెలియదు. మీకు తోచింది అనుకోండి.

సంసోను అన్న నా ఉస్తాద్. వరంగల్‌లో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే దుకాణం ఆయనది. అప్పట్లో ఏసీలు ఎన్నుండేవి కనుక, వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అందులో ఏది మొరాయించినా సంసోను అన్నకే కబురు వచ్చేది. ఆయన ముందు స్క్రూడ్రైవర్ తీసేవాడు కాదు. కళ్ళు మూసుకుని, మిషన్‌కు చెవి ఆనించి వినేవాడు. విని, చూపుడువేలు పైకెత్తి, ‘ఫ్యాన్ బుష్ అరిగింది’ అనేవాడు. విప్పి చూస్తే అరిగే ఉండేది. ఆదివారం కాజీపేటలో ఆయన వెళ్ళే చర్చిలో హార్మోనియం వాయించేవాడు. పాడేవాళ్ళలో ఎవరి గొంతు కాస్త దిగినా, వాయిస్తూ వాయిస్తూనే తల తిప్పి సరిగ్గా ఆ మనిషినే చూసేవాడు. పాపం, ఆ మనిషి కీర్తనల పుస్తకం వెనక మొహం దాచుకునేది. ఆయన సంపాదన, పరువు, సంతోషం అన్నీ ఆ రెండు చెవుల్లోనే ఉండేవి.

నేను తొర్రూరు దిక్కు పల్లెవాణ్ణి. పత్తిచేలో పని ఒంటికి పడక వరంగల్ వచ్చి ఆయన దగ్గర చేరాను. ఎనిమిదేళ్ళు చేశాను. ఇరవై ఏడేళ్ళు వచ్చినా నా పేరు ఎవరికీ తెలియదు. ‘సంసోను మనిషి వచ్చిండు’ అనేవారు. ఆయన నన్ను ఒక్కసారి కూడా కసురుకోలేదు. తన టిఫిన్ డబ్బాలో సగం నాకే పెట్టేవాడు. అలాంటి మనిషి మీద అసూయ పుడుతుందా? పుట్టింది. ఎప్పుడు పుట్టిందో తెలియదు, ఎంత పెరిగిందో మాత్రం ఆ రోజే తెలిసింది.

ఎండాకాలం. పొద్దున పది గంటలకు హనుమకొండలోని ట్రావెలర్స్ బంగళా నుంచి గుమాస్తా సైకిల్ మీద రొప్పుతూ వచ్చాడు. ఎవరో విదేశీ మొగుడూపెళ్ళాం వచ్చారట, వాళ్ళది బండి కాదట, ఇల్లట, దానిలో ఏసీ పనిచెయ్యట్లేదట! మేమిద్దరం స్కూటర్ ఎక్కి పరుగు తీశాం.

అబ్బ, ఆ బండి! బస్సంత ఉంది. లోపల మంచం, పరుపు, గ్యాసు పొయ్యి, తిప్పితే నీళ్ళొచ్చే నల్లా, కిటికీలకు పూల తెరలు. గోడకు మడిచిపెట్టిన బల్లను లాగితే భోజనాల బల్ల అవుతోంది. నేను దాన్ని మూడుసార్లు లాగి మూశాను. కప్పులో ఏసీ. అన్ని దేశాలు దాటి, వేయిస్తంభాల గుడి చూడ్డానికి వచ్చిన ఇల్లు! బయట వేపచెట్టు కింద అప్పటికే జాతరలా జనం. కాలేజీ విద్యార్థులు, సోడా బండివాడు, ఆటోవాళ్ళు. ఆ విదేశీ తల్లి మాత్రం మంచం మీద తడి తువ్వాలు కప్పుకుని పడుకుని ఉంది. చెంపలు కందిపోయి, చేతుల మీద చెమటపొక్కులు. ఈ వేడి ఇంకో రోజు తట్టుకోలేదని, ఏసీ బాగు కాకపోతే రామప్ప చూడకుండానే వెనక్కి వెళ్ళిపోతామని ఆమె భర్త ఇంగ్లీషులో చెబుతుంటే గుమాస్తా తెలుగు చేశాడు.

బంగళా కరెంటు బండికి ఇచ్చి ఉంది. ఏసీ వేస్తే నడుస్తోంది, రెండు నిమిషాలకే ఆగుతోంది. కాసేపటికి మళ్ళీ నడుస్తుంది, మళ్ళీ ఆగుతుంది. గది చల్లబడితే మిషన్ను ఆపి, వేడెక్కితే మళ్ళీ నడిపించే చిన్న డబ్బా ఒకటి ఉంటుంది, థర్మోస్టాట్. దాన్నుంచి దారమంత సన్నని గొట్టం వస్తుంది. గొట్టం చివర చిటికెన వేలంత రాగి బల్బు. వెలిగే బల్బు కాదు, చల్లదనం కనిపెట్టే బల్బు. అది గదిలోంచి మిషన్‌లోకి పోయే గాలిలో, క్లిప్పుకు ఉండాలి.

ముందు ఏసీ జాలీ మూత విప్పింది నేను. విప్పగానే చూశాను. మన రోడ్ల కుదుపులకు క్లిప్పు వదిలేసి, బల్బు జారి నేరుగా చల్లటి కాయిల్‌కు ఆనుకుని ఉంది. గది ఉడికిపోతున్నా, దాని లెక్కన అంతా చల్లగానే ఉంది. అందుకే మిషన్ను ఆపేస్తోంది. అంతే జబ్బు! నేను, ఒక్కణ్ణే, ఉస్తాద్ చూడకముందే, చెవి పెట్టకముందే కనిపెట్టాను! అరవాలనిపించింది. నోటిదాకా వచ్చింది. కానీ కిటికీ బయట ఎవరో అన్నారు, ‘ఇగ సంసోను వచ్చిండు కద, ఫికర్ లేదు’ అని.

నోరు మూసుకున్నాను. బల్బును కాయిల్ మీద నుంచి తీసి కిందికి వదిలేశాను, ఏమీ చూడనట్టు.

అన్న థర్మోస్టాట్‌నే పరీక్ష చేద్దామన్నాడు. ఆయన పద్ధతి నాకు తెలుసు. కరెంటు తీసేస్తాడు. నేను బల్బును ఐసు నీళ్ళలో ముంచాలి. డబ్బా బాగుంటే ‘టిక్’ అంటుంది. అలా అందంటే, ‘ఇది మంచిదే, బల్బు జాగ చూడు’ అంటాడు, వదిలిన క్లిప్పును చూస్తాడు, రెండు నిమిషాల్లో బాగుచేస్తాడు. జనం సంసోను, సంసోను అంటారు. నేను మళ్ళీ సంసోను మనిషిని.

సోడా బండి నుంచి ఐసు తెచ్చి బకెట్‌లో వేశాను. అన్న స్టూలు ఎక్కి, నాకు వీపు పెట్టి, డబ్బాకు చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నేను బల్బును అరచేతిలో పెట్టుకుని పిడికిలి బిగించాను. ఆ పిడికిలిని నీళ్ళలో ముంచాను.

చలి వేళ్ళ కణుపుల్లోకి సూదుల్లా దిగింది. లోపల, అరచేతిలో, బల్బు వెచ్చగా ఉంది. ఎంతసేపు? అర నిమిషం ఉంటుందేమో. ఆ అర నిమిషంలో ఎన్నిసార్లైనా వేళ్ళు విప్పొచ్చు. విప్పొచ్చు కదా? ఎవరు ఆపారు? ఒక్క పది నిమిషాల కోసమే అనుకున్నాను, ఆయన ఒక్కసారి తప్పు చెబితే చాలు, తరువాత నేనే నవ్వుతూ చెప్పేస్తాను, ఇద్దరం నవ్వుకుంటాం అనుకున్నాను. ప్రమాణం చేసి చెబుతున్నాను, అలాగే అనుకున్నాను.

‘పెట్టినవా?’ అన్నాడు అన్న. పెట్టిన అన్నాను. ‘వస్తలేదు రా’ అన్నాడు. ఇంకా జరసేపు చూద్దామా అన్నా, అని కూడా అన్నాను. సిగ్గులేకుండా! ఆయన దిగి బుర్ర గోక్కున్నాడు. బల్బు లోపలి గ్యాసు పోతే మిషన్ అసలే సురువు కావద్దు గద, ఇదేమో ఆడి ఆగుతాంది అని గొణుక్కున్నాడు. చూశారా, డబ్బా పోలేదని బుద్ధి సరిగ్గానే చెప్పింది. కానీ ఆయన బుద్ధికంటే చెవినే ఎక్కువ నమ్మేవాడు. థర్మోస్టాట్ పోయిందని అందరి ముందూ చెప్పి, పాత ఫ్రిజ్‌లలోది ఏదైనా అమరుతుందేమో తెస్తానని స్కూటర్ మీద దుకాణానికి వెళ్ళాడు.

స్కూటర్ మలుపు తిరగ్గానే క్లిప్పు వంచాను, బల్బు అందులో పెట్టాను, రాగి తీగతో కట్టాను. కరెంటు ఇచ్చాను. రెండు నిమిషాలు. ఆగలేదు. ఐదు. ఆగలేదు! పది నిమిషాలకు చల్లగాలి బండి అంతా నిండి, తలుపులోంచి జనం మీదికి కొట్టింది. కేకలు! ఈలలు! ఆ తల్లి లేచి కూర్చుని గాలికి మొహం పెట్టి నవ్వింది. ఆమె భర్త నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు, ఐసుకు ఇంకా తిమ్మిరి వదలని ఆ చెయ్యినే. గుమాస్తా నా పేరు అడిగాడు. నా పేరు! చెప్పగానే విద్యార్థులు అందుకున్నారు, నా పేరు పెట్టి జిందాబాద్ కొట్టారు. నేల మీద నడుస్తున్నానో లేదో తెలియలేదు నాకు.

అప్పుడే అన్న తిరిగి వచ్చాడు. చేతిలో గుడ్డసంచి, దానిలో నాలుగు పాత థర్మోస్టాట్లు. తలుపు దగ్గర చల్లగాలి తగిలి అక్కడే ఆగిపోయాడు.

‘ఏం జేసినవ్ రా?’

‘బల్బు క్లిప్పు వదిలిందన్నా. కట్టిన.’

‘మరి థర్మోస్టాట్?’

‘మంచిగనే ఉన్నది.’

‘మంచిగుంటే టిక్కు రావాలె గదరా. నాకు రాలే.’

అదే ఆ క్షణం. చెప్పెయ్యాల్సిన క్షణం. జనమంతా చూస్తున్నారు. నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

‘వచ్చిందన్నా. నాకు వినవడ్డది. నీ మాటకు ఎదురు చెప్పబుద్ధి కాలే, అందుకే ఊకున్న.’

ఎంత మర్యాదగా అన్నానో చూడండి. ఆయన కాసేపు నన్నే చూశాడు. అనుమానంతో కాదు. అనుమానించి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. చెయ్యి మెల్లగా చెవి దగ్గరికి పోయింది. తరువాత నవ్వి, నా భుజం తట్టి, అందరికీ వినిపించేలా అన్నాడు, ‘నా చెవులు ముసలైనయ్. ఇగ వీడే ఉస్తాద్.’

విదేశీయుడు ఫోటో తీశాడు. కొన్ని నెలలకు పోస్టులో వచ్చింది. బండి ముందు నేను పళ్ళన్నీ బయటపెట్టి నిలబడ్డాను. నా వెనక అన్న, గుడ్డసంచితో. ఇప్పటికీ అది మా దుకాణం గోడమీద ఉంది. ఆ ఫోటో చూసి వచ్చిన గిరాకీ ఎంతో.

తరువాత చెబుదామనుకున్నాను. రేపు, ఆదివారం తరువాత, పండుగ తరువాత. ఈలోగా ఆయన ప్రతి మిషన్ దగ్గరా విని, వేలు ఎత్తకుండా, నా వైపు చూడ్డం మొదలుపెట్టాడు. ‘నువ్వు విను’ అనేవాడు. ఆరు నెలలకు దుకాణమే నాకు అప్పజెప్పాడు. దవాఖానలో చూపించుకో అన్నా, అన్నాను ఒకసారి. నా లోపలి పిరికివాడి ఆశ అది, డాక్టరే నిజం చెప్పేస్తాడని. ఆయన వెళ్ళలేదు. అచ్చంగా ఎదురుగ ఉన్న చప్పుడే వినవడలే, డాక్టరు కొత్తగ ఏం జెప్తడు, అన్నాడు.

చర్చిలో హార్మోనియం మానేశాడని ఆయన కూతురు చెప్పింది. శ్రుతి కుదిరిందా లేదా అని పక్కవాళ్ళను అడుగుతున్నాడట. అడగడానికి సిగ్గుపడి పెట్టె మూసేశాడట. నేను దుకాణం అడగలేదు, హార్మోనియం అసలే అడగలేదు. నాకు కావలసింది పది నిమిషాలు. అన్నీ ఎందుకు పోయాయి? అర నిమిషం మూసిన పిడికిలిలో ఆయన బతుకంతా ఎలా పట్టింది?

పోయిన ఏడాది ఒక సాయంత్రం దుకాణానికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. చాయ్ తెప్పించాను. మూలన బాగుచేసిన ఫ్రిజ్ ఒకటి నడుస్తోంది. మాటల మధ్యలో అది ‘టిక్’మని ఆగింది. ఆయన చూపుడువేలు పైకి లేచింది, పాత అలవాటుగా. వెంటనే దించేసుకుని, దొంగతనం చేసినట్టు నన్ను చూశాడు. ‘వచ్చిందారా?’ అని అడిగాడు.

వచ్చిందన్నా, అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. ‘అయితే అప్పుడప్పుడు వినవడుతాంది’ అన్నాడు. చాయ్ గ్లాసు పట్టుకుని అంత సంతోషంగా ఇంటికి పోయాడు, గ్లాసు తిరిగివ్వడం కూడా మరిచిపోయి. నేను లేచి వెంట పోలేదు. నాలుగడుగులు వేస్తే అందేవాడు.

ఈ ఎండాకాలం ఆయన పోయాడు. చర్చిలో ఆయన ఆఖరి ప్రార్థనకు ఎవరో కొత్త పిల్లవాడు హార్మోనియం వాయించాడు, శ్రుతి దిగిపోయింది, తల తిప్పి చూసేవాడు లేడు. ఆయన కూతురు నా చేతులు పట్టుకుని, నాన్న మీ చెవుల గురించి అందరికీ గొప్పగా చెప్పేవాడు అంది.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు, ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి లేడు. నాకు ఒక్క వాక్యం చెప్పాలని ఉంది, అంతే. పదేళ్ళుగా గొంతులో ఉన్న వాక్యం. ఇప్పుడు నా వేళ్ళు విప్పే ఉన్నాయి.

ఆ రోజు టిక్కు రాలేదు, అన్నా. నీకు సరిగ్గానే వినపడింది.