ఏ బజారు డాక్టరు

మొన్న నరసరావుపేటలో ఒక పెళ్ళికి వెళ్తే, భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న కుర్ర గుండె డాక్టరుగారు, నేను రిటైరయ్యాక కూడా పల్లెటూరి ఆసుపత్రుల్లో ఫ్యామిలీ డాక్టర్లకు శిక్షణ ఇస్తున్నానని విని, జలుబూ జ్వరమూ చూడటానికి కూడా ట్రైనింగు కావాలా మేడమ్ అని నవ్వాడు. పెళ్ళివారి మొహం చూసి ఊరుకున్నాను గానీ ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చినా ఆ మంట చల్లారలేదు కనుక, ఆయనకు చెప్పనిది మీకు చెబుతున్నాను. మన ఈడువాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు, నాడి చూసేముందు ఇల్లు చూసే డాక్టర్లను మనం ఎరుగుదుం.

బెల్లంకొండ వైపు ఒక ఊరు. పేరు చెప్పను, చెబితే రెండు బజార్లవాళ్ళూ కలిసి నా మీదకొస్తారు, వాళ్ళు కలిసేది అలాంటి వాటికే. పై బజారూ కింద బజారూ అని రెండు వీధులు, అందరూ మిర్చీ పత్తీ వేసే రైతులే, వియ్యాలందుకున్నవాళ్ళే, ఓట్ల దగ్గర మాత్రం ఉప్పూ నిప్పూ. నేను అక్కడి ఆసుపత్రిలో పనిచేస్తున్న రోజుల్లో, ఎంబీబీఎస్ అయ్యాక ఫ్యామిలీ మెడిసిన్ చదువుతున్న ఒక అమ్మాయిని శిక్షణకని నా దగ్గరకు పంపారు. విశాఖపట్నంలో పెరిగిన పిల్ల, తెలివైనది, చెయ్యి మెత్తనిది. కింద బజారులో ఒక పెద్దమ్మ కాలికి షుగరు పుండు పడితే, రోజూ తనే కడిగి కట్టుకడుతూ ఎర్రగా కొత్త కండ పట్టేదాకా తెచ్చింది. కొడుకూ కోడలూ పొలం పోతే ఆ ఇల్లూ, ఆ గేదెలూ ఆ పెద్దమ్మ కాళ్ళ మీదే నడిచేవి.

ఇంతలో ఆ అమ్మాయి పై బజారులో మాజీ సర్పంచిగారింట్లో గది అద్దెకు తీసుకుంది. అద్దెకుంటే పట్టింపు లేదు. కానీ వాళ్ళు ఆప్యాయంగా పిలిచారని వంటింట్లో కూర్చుని అన్నం తింది. మా పల్నాడులో అన్నం తిన్న ఇల్లే పార్టీ అని ఆ పిల్లకేం తెలుసు! తెల్లారేసరికి ఆమె పై బజారు డాక్టరైపోయింది, కింద బజారు నుంచి పురుగు కూడా ఓపీకి రాలేదు. పెద్దమ్మా రాలేదు. ఆమె గురువును కనుక నాకూ అదే ముద్ర పడింది, కట్టు మారుద్దామని నేనే ఇంటికి వెళ్తే తలుపు దగ్గరకు వేసుకుని పలకలేదు. పుండు ఎముకలోకి దిగితే గుంటూరు తీసుకెళ్ళి కాలు తీయించడమే మిగులుతుందని నాకూ ఆ పిల్లకూ తెలుసు.

కింద బజారు పెద్దమనిషి ఆసుపత్రికి వచ్చి కుర్చీలో కూర్చోకుండానే, "ఏంది డాక్టరమ్మా, ఆళ్ళ కూడు తినే పిల్ల చేతిలో మావోళ్ళ కాళ్ళు పెడతామా? ఆ పిల్లని మార్చు, అందరం వస్తాం" అన్నాడు. పై అధికారి కూడా ఫోన్ చేసి, గొడవెందుకు, అమ్మాయిని ముప్పాళ్ళ ఆసుపత్రికి వేసేద్దాం అన్నాడు. వేయనివ్వను, కావాలంటే నన్నే వేసుకోండి అన్నాను. ఇవాళ ఈ బజారు కోసం ఈమెను మారిస్తే, రేపు ఆ బజారువాళ్ళు ఇంకొకరిని మార్చమంటారు. ఆ పిల్ల మాత్రం సామాను సర్దుకుని ఏడుస్తూ కూర్చుంది. నువ్వేడిస్తే పుండు మానదు, రేపు మధ్యాహ్నం మందుల పెట్టె లేకుండా పెద్దమ్మ ఇంటికి పోయి ఆకలేస్తోంది అన్నం పెట్టమని అడుగు అన్నాను. ఆమె నాకు మతిపోయిందనుకుని ఉంటుంది.

అయినా వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళి ఎదురింటి గోడ పక్కన నిలబడ్డాను. బజారంతా చూస్తుండగా వాకిట్లో నిలబడి అన్నం అడిగింది. పెద్దమ్మకు తమ పెద్దమనిషంటే భయమే, కానీ అన్నం అడిగిన మనిషిని వాకిట్లోంచి పంపడమంటే అంతకన్నా భయం. పీట వాల్చి, గోంగూర పచ్చడీ అన్నమూ పెట్టి, మజ్జిగ పోసి, ఆ పిల్ల చెయ్యి కడుక్కున్నాక తనే కాలు చాపి, "ఏమే, తిన్నావుగా, ఇంకేం చూస్తా కూచున్నావు, కట్టు విప్పు" అంది. విప్పితే చిటికెనవేలు నల్లబడి ఉంది. అప్పటికే పెద్దమనిషి కేకలేస్తూ వచ్చాడు. పెద్దమ్మ లేవకుండానే, "ఓటు నీకేశాలే గానీ కాలు నీకు రాసియ్యలా. నా ఇంట్లో తిన్న పిల్ల నా పిల్ల, నువ్వు పో" అంది. నా సర్వీసంతటిలో అంత గొప్ప మాట నేను వినలేదు.

సాయంత్రానికల్లా పై బజారువాళ్ళు అలిగి గది ఖాళీ చేయించారు. ఖాళీ చేయిస్తే చేయించారు, నా క్వార్టర్సులో మంచం వేశాను. ఆనాటి నుంచి ఆ పిల్ల మధ్యాహ్నం భోజనం ఒక రోజు ఆ బజారులో, ఒక రోజు ఈ బజారులో అని నేనే శాసనం చేశాను. పై బజారువాళ్ళు కొన్నాళ్ళు బిగుసుకున్నారు గానీ, మాజీ సర్పంచిగారి మనవడికి ఫిట్సు వచ్చేసరికి చంకనేసుకుని పరుగెత్తుకొచ్చారు. పెద్దమ్మకు వేలు పోయింది, కాలు నిలిచింది. ఆమె గేదెల్ని కావాలనే ఆసుపత్రి ముందు నుంచి తోలుకుపోయేది.

ఇప్పుడు ఆ ఊరికి మంచి రోడ్డు పడింది. శిక్షణకొచ్చే పిల్లలు పొద్దున కారులో వచ్చి, మధ్యాహ్నం ఇంటి నుంచి తెచ్చుకున్న బాక్సు విప్పుకుని ఫోను చూస్తూ తిని, చీకటి పడకముందే నరసరావుపేట చేరుకుంటారు. వాళ్ళ మీద ఏ బజారుకూ కోపం లేదు. రోగం ముదిరితే రెండు బజార్ల కార్లూ గుంటూరు రోడ్డెక్కుతాయి. ఊళ్ళో గొడవలు లేవని అధికారులు మురిసిపోతున్నారు, నాకు మాత్రం దిగులుగా ఉంది, డాక్టరు మీద అలగాలన్నా ముందు ఆ డాక్టరు మనవాడు కావాలి కదా. అందుకే నా దగ్గరకొచ్చే పిల్లల బాక్సులు గుమ్మంలోనే లాక్కుని, పోయి ఊళ్ళో అన్నం అడిగి తినమంటున్నాను. వాళ్ళ అమ్మానాన్నలు ఫోన్ చేసి నన్ను తిడుతున్నారు. తిట్టనివ్వండి. ఆ ఊళ్ళో ఎవరో ఒకరు వాళ్ళ మీద అలిగేదాకా నేను వదలను.